పద్దుల పుస్తకంలో పాప దగ్గు

మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో నేను గుమస్తాగా పని చేస్తున్నాను. దిగిన వడ్లు, వెళ్ళిన బియ్యం, మిగిలిన తవుడు, అమ్ముడుపోయిన ఊక, హమాలీల కూలి, వీటన్నిటినీ ఏ రోజుకారోజు పద్దుల్లోకి ఎక్కించడమే నా ఉద్యోగం. కాగితం మీద పెట్టనిదే నాకు ఏదీ బుర్రకెక్కదని మా ఇంట్లో అందరికీ తెలుసు. మా చిన్న పాపకు ఉబ్బసం ఉందని తేలిన 2021 నవంబరు నుంచి ఆమె దగ్గును కూడా అలాగే ఒక పాత పద్దుల పుస్తకంలో రాస్తూ వచ్చాను. ఇప్పుడు పాపకు ఎనిమిదేళ్ళు. ఇన్నేళ్ళలో ఆ పుస్తకం నాకు నేర్పిన సంగతులను, అంతకంటే ముఖ్యంగా నా చేత దిద్దించిన తప్పులను, ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులకు పనికొస్తాయన్న ఆశతో ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టరును కాను కనుక ఇందులో మందుల మోతాదులు ఎక్కడ కనిపించినా అవి మా పాపకు మా డాక్టరు రాసినవేనని, మీ పిల్లలకు మీ డాక్టరు రాయవలసిందేనని ముందుగానే మనవి చేస్తున్నాను.

మూడో ఏట మొదలైంది. చలి పడగానే సర్ది, ఆ వెంటనే దగ్గు, ఆ దగ్గు పది పదిహేను రోజుల దాకా తగ్గకపోవడం మాకు మామూలైపోయింది. మా వీధి చివర ఉన్న క్లినిక్కులో చూపిస్తే ప్రతిసారీ 'నిమ్ము చేసింది' అనే మాట, దానితోపాటు ఒక యాంటీబయాటిక్ సీసా, ఒక దగ్గు మందు, ఒక్కోసారి ఒక సూది. మూడు రోజుల్లో నెమ్మదించేది, మూడు వారాల్లో మళ్ళీ వచ్చేది. ఆ ఏడాది చీటీలన్నీ దాచి ఉంచాను. వాటిలో తొమ్మిదింటి మీద తొమ్మిది యాంటీబయాటిక్‌లు ఉన్నాయి గాని ఒక్కదాని మీద కూడా ఉబ్బసం అన్న మాట లేదు. ఎవరినీ తప్పు పట్టడానికి చెప్పడం లేదు. అయిదేళ్ళలోపు పిల్లల్లో వైరస్ వల్ల వచ్చే పిల్లికూతలకూ, ఉబ్బసానికీ తేడా కనిపెట్టడం పెద్ద డాక్టర్లకే కష్టమని తరవాత తెలిసింది. అయినా తెల్లవారుజామున మూడింటికి మాత్రమే ఎక్కువయ్యే దగ్గు గురించి, పరుగెత్తినా పడీపడీ నవ్వినా వచ్చే దగ్గు గురించి ఎవరైనా ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఆ ఏడాది అలా గడిచేది కాదేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

2021 నవంబరులో ఒక రాత్రి పాప పడుకోలేక లేచి కూర్చుంది. దగ్గడం కూడా ఆపేసింది. చొక్కా ఎత్తి చూస్తే ఊపిరి తీసుకున్న ప్రతిసారీ డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నాయి, మెడ కింద గుంట పడుతోంది, ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. 'అమ్మా' అనడానికి మధ్యలో ఆగింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాము. ఆక్సిజన్ పెట్టి, మందును సన్నని తుంపరగా చేసి పీల్పించే నెబులైజర్‌తో మూడుసార్లు ఇచ్చిన తరవాత తెల్లారేసరికి పాప బిస్కెట్ అడిగింది. అక్కడి నుంచి నల్గొండలోని పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్ళాము.

ఆయన మందు రాయడానికి ముందు అరగంట సేపు ప్రశ్నలే అడిగారు. చంటిపిల్లగా ఉన్నప్పుడు మోచేతి మడతల్లో, బుగ్గల మీద దురద పొక్కులు వచ్చాయా, ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం గాని, పొద్దున లేవగానే తుమ్ముల మీద తుమ్ములు గాని ఉన్నాయా, సర్ది లేనప్పుడు కూడా పిల్లికూతలు వినిపిస్తాయా, రాత్రి ఎన్నిసార్లు లేస్తుంది, నెబులైజర్ పెట్టగానే తేలిక పడుతుందా. పొక్కులు వచ్చిన మాట నిజమే. తుమ్ములు నావే. పాతికేళ్ళుగా ప్రతి పొద్దున పది పదిహేను తుమ్ములతోనే నా రోజు మొదలవుతుంది, అది మిల్లు పనివాళ్ళ ముక్కు అనుకున్నాను తప్ప అలర్జీ అని, అది నా నుంచి పాపకు రాగలదని ఎన్నడూ అనుకోలేదు.

ఆ తరవాత ఒక కాగితం మీద ఊపిరి గొట్టాన్ని గీసి చూపించారు. అలర్జీ ఉన్న పిల్లల్లో ఆ గొట్టం లోపలి పొర ఎప్పుడూ కొద్దిగా వాచి, ఎర్రబడి, ఉలికిపాటుతో ఉంటుంది. దుమ్మో పొగో చలిగాలో జలుబు వైరసో తగలగానే గొట్టం చుట్టూ ఉన్న సన్నని కండరాలు బిగుసుకుంటాయి, పొర ఇంకా వాస్తుంది, కళ్ళె పేరుకుంటుంది. గొట్టం వ్యాసం సగానికి తగ్గితే గాలికి అడ్డు రెట్టింపు కాదు, 16 రెట్లవుతుందట. పిల్లల గొట్టాలు అసలే సన్నవి కనుక కొద్దిపాటి వాపే వాళ్ళను మంచం పట్టిస్తుంది. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో పుట్టినవాడిని కనుక పూడిక పడిన పిల్లకాలువ నాకు వెంటనే కళ్ళ ముందు మెదిలింది. తూము ఎంత ఎత్తినా చివరి మడికి నీరు పారదు.

ఇక్కడే నాకు అన్నిటికంటే ఆలస్యంగా అర్థమైన విషయం ఉంది. ఆయన రెండు ఇన్‌హేలర్లు రాశారు. నీలం రంగుది సాల్బుటమాల్. అది బిగుసుకున్న కండరాన్ని నిమిషాల్లో సడలిస్తుంది, నాలుగైదు గంటలు పని చేస్తుంది, కాని లోపలి వాపును తాకదు. రెండోది బుడెసొనైడ్, స్టెరాయిడ్. అది ఆయాసం వచ్చినప్పుడు పీల్చితే అప్పటికప్పుడు ఏ సుఖమూ ఇవ్వదు. రోజూ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చొప్పున పీలుస్తూ ఉంటే కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో వాపు తగ్గుతుంది. అంటే పాప హాయిగా ఆడుకుంటున్న రోజున ఇచ్చే మందే అసలైన వైద్యం, దగ్గుతున్న రోజున ఇచ్చేది ఆ పూట గడవడానికి. మేము సరిగ్గా దీన్ని తలకిందులు చేశాము. రెండు వారాలు రెండో మందు ఇచ్చాము, పాప బాగైంది, 'బాగైన పిల్లకు మందెందుకు' అని ఆపేశాము. సంక్రాంతికల్లా మళ్ళీ ఆసుపత్రి.

మా అమ్మ అప్పుడు అన్న మాట పుస్తకంలో పక్కన రాసుకున్నాను. "గా పంపు అలవాటైతె ఇగ జిందగీల ఇడువదంట కొడుకా, రేపు ఆడపిల్లకు సంబంధం వస్తదా?" ఈ భయం మా అమ్మ ఒక్కదానిది కాదు. మా వైపు ఇన్‌హేలర్‌ను చివరి దశలో వాడేదానిగానే చూస్తారు. బంధువులు వస్తే దాన్ని బీరువాలో దాచిన రోజులు మాకూ ఉన్నాయి. దానికి తోడు స్టెరాయిడ్ అన్న పదం వినగానే నాకు వణుకు పుట్టింది. ఆ భయాన్ని డాక్టరు మాటలకంటే నా లెక్కే కొంత తగ్గించింది. పాప పీల్చేది ఒక పఫ్‌కు, అంటే డబ్బాను ఒకసారి నొక్కితే వచ్చే మందుకు, 100 మైక్రోగ్రాముల చొప్పున రోజుకు 200 మైక్రోగ్రాములు. ఉబ్బసం ముదిరి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు నోటి ద్వారా ఇచ్చిన ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 15 మిల్లీగ్రాములు, అంటే 15,000 మైక్రోగ్రాములు, అలా అయిదు రోజులు. మొత్తం 75,000. ఇన్‌హేలర్ లెక్కన అది 375 రోజుల సరుకు. ఈ రెండు మందుల బలం ఒకటి కాదు కనుక ఈ లెక్కను తక్కెడలో పెట్టి తూచకూడదని డాక్టరు నవ్వుతూనే హెచ్చరించారు. కాని ఒకటి ఒళ్ళంతా తిరిగేది, మరొకటి ఎక్కువగా ఊపిరితిత్తుల దగ్గరే పని చేసేది అన్న తేడా మాత్రం నిజమే అన్నారు. ఎత్తు గురించి అడిగితే దాచలేదు. రోజూ పీల్చే స్టెరాయిడ్ వల్ల మొదటి ఏడాది రెండేళ్ళలో ఎదుగుదల సుమారు ఒక సెంటీమీటరు తగ్గవచ్చని, అందుకే అదుపులోకి వచ్చాక మోతాదును వీలైనంత తక్కువకు దించుతామని, ప్రతి మూడు నెలలకు ఎత్తు కొలుస్తామని చెప్పారు. రాత్రంతా డొక్కలెగరేసే పిల్ల కూడా సరిగ్గా ఎదగదు కదా అని మా ఆవిడ అన్నది. ఆ మాటతో ఇంట్లో వాదన ముగిసింది.

మందు కొన్నంత మాత్రాన అది ఊపిరితిత్తుల్లోకి చేరదు. ఇన్‌హేలర్‌ను నేరుగా చిన్నపిల్లల నోట్లో కొడితే చాలా భాగం గొంతు గోడకే అతుక్కుంటుంది. అందుకే స్పేసర్ అనే గొట్టం. దాని ఒక చివర ఇన్‌హేలర్, మరో చివర మాస్కు ఉంటాయి. నాలుగైదేళ్ళు దాటి పెదవులతో గట్టిగా పట్టుకోగలిగితే మాస్కు తీసేసి నోటి గొట్టంతోనే పీల్పించవచ్చు. మొదటి వారం పాప ఏడుస్తుంటే ఇద్దరం పట్టుకుని బలవంతంగా మాస్కు అదిమాము. ఏడుస్తున్న పిల్ల లోపలికి మందు దాదాపు పోదని, ఏడుపు ఆగాకే పెట్టాలని తరవాత తెలిసింది.

అప్పుడు మా ఆవిడ ఒక ఉపాయం కనిపెట్టింది. పాపకు అమ్మతో కలిసి సాగర్ బస్సు ఎక్కడం మహా ఇష్టం. ఇన్‌హేలర్‌ను బాగా కుదిపి, స్పేసర్‌కు తగిలించి, ముక్కూ నోరూ రెండూ కప్పేలా మాస్కు ఆనించి, ఒక్క పఫ్ మాత్రమే నొక్కి, ఆమె కండక్టరులా ఊళ్ళ పేర్లు పిలుస్తుంది. మిర్యాలగూడ, నిడమనూరు, హాలియా, పెద్దవూర, హిల్ కాలనీ, పైలాన్. ఊరికి ఒక ఊపిరి. ఊపిరి సరిగా పడితే స్పేసర్‌లోని చిన్న రెక్క 'టక్' మంటుంది. టక్ వినిపించకపోతే 'బస్సు ఆగింది, రైట్ రైట్' అంటుంది. ఆరు ఊళ్ళయితే ఒక పఫ్ అయినట్టు. రెండో పఫ్ కావాలంటే అర నిమిషం ఆగి, మళ్ళీ కుదిపి, మళ్ళీ మిర్యాలగూడ నుంచి మొదలు. రెండు పఫ్‌లు ఒకేసారి నొక్కి పని కానిచ్చే తొందర నాకు ఉండేది, అలా చేస్తే మందు గొట్టం గోడలకే అంటుకుని వృథా అవుతుందని ఆమే నన్ను ఆపింది. అయిపోయాక నోరు పుక్కిలించి ఉమ్మడం, మాస్కు వాడితే మూతి తుడవడం తప్పనిసరి. లేకపోతే నాలుక మీద తెల్లటి పూత వస్తుంది. మాకు ఒకసారి వచ్చింది కూడా.

స్పేసర్‌ను వారానికోసారి సబ్బు నీళ్ళలో ముంచి తీసి గాలికి ఆరనివ్వాలి. గుడ్డతో లోపల రుద్దితే స్థిర విద్యుత్తు పుట్టి మందు గోడలకు అతుక్కుంటుంది. ఇన్‌హేలర్‌లో ఎంత మిగిలిందో కుదిపి చూసి చెప్పలేము, మందు అయిపోయినా గాలి బుస్సుమని వస్తూనే ఉంటుంది. మాది 200 పఫ్‌ల డబ్బా. రోజుకు రెండు చొప్పున 100 రోజులు. తెరిచిన తేదీని స్కెచ్ పెన్నుతో డబ్బా మీదే రాసి, అయిపోయే తేదీని పుస్తకంలో ఎర్ర సిరాతో రాస్తాను. గుమస్తాగా పుట్టినందుకు ఇదొక సుఖం.

ఈ డబ్బా పుట్టుక గురించి చదివిన ఒక ముచ్చట ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 1950ల మధ్యలో అమెరికాలో ఒక మందుల కంపెనీ అధ్యక్షుడి 13 ఏళ్ళ కూతురికి ఉబ్బసం ఉండేదట. జుట్టుకు కొట్టుకునే స్ప్రే డబ్బాలో వస్తుంటే నా మందు మాత్రం అలా ఎందుకు రాకూడదని ఆ పిల్ల నాన్నను అడిగిందట. 1956లో ఇలా నొక్కితే కొలత ప్రకారం మందు వచ్చే మొదటి ఇన్‌హేలర్ డబ్బా బజారులోకి వచ్చింది.

ఇక పుస్తకం సంగతి. మొదట నేను గీసిన గడులు తిండివే. పెరుగు, అరటిపండు, జామకాయ, ఐస్‌క్రీం, కోడిగుడ్డు. మా ఇంట్లోనూ అందరిలాగే పెరుగు, పండ్లు మాన్పించాము. ఆరు నెలల పద్దులు తిరగేస్తే పెరుగు తిన్న రోజులకూ దగ్గిన రోజులకూ ఏ సంబంధమూ కనబడలేదు. తిండి ఒక్కటే ఉబ్బసాన్ని రేపడం అరుదని, నిజంగా ఏదైనా పడకపోతే తిన్న కాసేపటికే దద్దుర్లు, వాంతులు, పెదవుల వాపు లాంటివి కూడా కనిపిస్తాయని డాక్టరు చెప్పి, పెరుగన్నం తిరిగి పెట్టించారు. ఎదిగే పిల్లకు అన్నాళ్ళు పాలూ పెరుగూ లేకుండా చేసినందుకు నాకు నా మీదే కోపం వచ్చింది.

గడులు మార్చాను. అప్పుడు తేలింది వేరే బొమ్మ. నవంబరులో వానకాలం వడ్లు దిగే రోజుల్లో, మళ్ళీ ఏప్రిల్, మే నెలల్లో యాసంగి వడ్లు దిగే రోజుల్లో, పాప రాత్రి దగ్గు గుత్తులు గుత్తులుగా వచ్చింది. ఊళ్ళో ఆ రోజుల్లో ఎటు చూసినా వడ్ల దుమ్మే. రోడ్ల మీద ఆరబోత, కోత మిషన్లు, ఊక లారీలు, పొలాల్లో తగలబెట్టిన కొయ్యకాళ్ళ పొగ. అది ఊరందరికీ ఉన్నదే. కాని 2022 నవంబరులో పాప దేవరకొండ దగ్గర అమ్మమ్మ ఊళ్ళో పది రోజులు ఉండి వచ్చింది. చుట్టూ పత్తి చేన్లు, బత్తాయి తోటలు, వాకిట్లో బర్రె, అయినా పది గడులూ ఖాళీ. ఇంటికి వచ్చిన మూడో రాత్రి దగ్గింది. ఆ మూడో రాత్రి నేను పద్దు ముగించుకుని పదకొండు గంటలకు వచ్చి, పాప నిద్రలో కలవరిస్తుంటే ఎత్తుకుని భుజాన వేసుకున్నాను. పొద్దున చొక్కా దులుపుతుంటే కిటికీ ఎండలో తవుడు పొడి బంగారు రంగులో లేచింది. ఆ పొడిని చూస్తూ అక్కడే కూర్చుండిపోయాను.

వడ్ల దుమ్ములో పొట్టు ఒక్కటే ఉండదు. బూజు, నిల్వ ధాన్యంలో పెరిగే సన్న పురుగులు, ముక్కపురుగుల పొడి, అన్నీ కలిసి ఉంటాయి. అది నా చొక్కా మీద, జుట్టులో, మోటారు సైకిల్ సీటు మీద ప్రతి రాత్రీ నాతోపాటు ఇంటికి వస్తోంది. పది రోజుల ఖాళీ గడులు రుజువు కావని, వాతావరణమో వైరసో కూడా కారణం కావచ్చని డాక్టరు అన్నారు. కాని బట్టలు మార్చడానికి రుజువుల దాకా ఆగనక్కర లేదు కదా అని కూడా అన్నారు. అప్పటి నుంచి పెరట్లో కుళాయి దగ్గర బట్టలు విప్పి బకెట్‌లో నానబెట్టి, తల మీద నుంచి స్నానం చేసి, ఆ తరవాతే లోపలికి వస్తున్నాను. ఆ రోజుల్లోనే రెండో మందును ఒక్క పూట కూడా తప్పకుండా ఇవ్వడం మొదలుపెట్టాము గనుక, తగ్గిన దగ్గులో ఎంత స్నానానిది, ఎంత మందుది అని విడదీయడం నా వల్ల కాదు. మందుదే పెద్ద వాటా అని నా నమ్మకం.

ఇల్లు కూడా పద్దుకెక్కింది. దోమల కాయిల్ ఒకటి పూర్తిగా కాలితే వెలువడే సన్నని పొగ ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళికి సమానమని ఒక పరిశోధనలో తేలిందట. ఆ మాట విన్న రోజే కాయిల్స్ పారేసి దోమతెర కట్టాము. శుక్రవారం సాంబ్రాణి పొగను మా అమ్మ వాకిట్లోకి మార్చుకుంది, కొంచెం అలిగింది, దేవుడికి మాత్రం ఏ లోటూ రానివ్వలేదు. కంటికి కనబడని ధూళి పురుగులు పరుపుల్లో, దిండ్లలో మన చర్మపు పొట్టు తిని బతుకుతాయి. మా వైపు వేసవిలో డాబా మీద పరుపు ఆరేస్తే ఆ ఎండకూ పొడి గాలికీ పురుగులు చస్తాయి గాని, అలర్జీ తెచ్చే వాటి మలం పరుపులోనే ఉండిపోతుంది. అందుకే పాత దూది పరుపు తీసేసి, కొత్తదానికి జిప్పు తొడుగు వేసి, దుప్పట్లను, దిండు గలేబులను వారానికోసారి బాగా కాగిన నీళ్ళలో ఉతుకుతున్నాము. కూలర్ గడ్డి సంగతి ఎవరూ చెప్పలేదు, మేమే కనిపెట్టాము. మార్చిలో మొదటిసారి కూలర్ వేసిన రాత్రి గదంతా మగ్గిన వాసన, తెల్లారేసరికి దగ్గు. నిరుటి గడ్డిలో బూజు పట్టి ఉంది. ఇప్పుడు ఏటా కొత్త గడ్డి పెట్టి, తొట్టి కడిగాకే వేస్తాము. ఇంటి పక్క ఖాళీ జాగాలో వయ్యారిభామ మొలిస్తే పూత రాకముందే నేనే మాస్కు, చేతి తొడుగులు వేసుకుని పీకేస్తాను. దాని పుప్పొడి ముక్కుకూ ఊపిరికే కాక ఒంటికీ పడదు.

బతుకమ్మ దగ్గర మాత్రం నేను ఓడిపోయాను, ఓడిపోయినందుకు సంతోషమే. ఒక ఏడాది గునుగు పూలు, తంగేడు తెచ్చే పనికి పాపను పంపలేదు. తాంబాళం ముందు కూర్చుని అక్క పేరుస్తుంటే చూస్తూ ఉండిపోయింది, ఏడవలేదు. అది ఏడుపుకంటే ఎక్కువగా బాధ పెట్టింది. పిల్లను అన్నిటి నుంచీ తప్పించడం వైద్యం కాదని, అన్నిటిలోనూ ఉండగలిగేలా చేయడమే మందు పని అని డాక్టరు గట్టిగానే చెప్పారు. మరుసటి ఏడాది నుంచి గునుగు కొనలు కోసి దులిపే పని నాది, పేర్చే పని పాపది.

ఉబ్బసం ఉన్న పిల్ల అని తెలియగానే బడి కూడా మేము చేసిన తప్పే చేసింది. ఆటల పీరియడ్‌లో కూర్చోబెట్టారు. నీలం ఇన్‌హేలర్ పంపితే భద్రంగా ఉండాలని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు. ఒక మధ్యాహ్నం పాపకు ఆయాసం వచ్చినప్పుడు తాళం చెవి ఉన్న వ్యక్తి సెలవులో ఉన్నారు. నాకు ఫోన్ వచ్చి నేను వెళ్ళేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ రోజు పాపకు ఏమీ కాలేదు గనుక గొడవ పడలేదు. ఒక పేజీ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ఇన్‌హేలర్, స్పేసర్‌తోపాటు క్లాసు టీచరమ్మ బల్ల సొరుగులో పెట్టించాను. డాక్టరు సలహా ప్రకారం పరుగుల ఆట ఉన్న రోజు పావుగంట ముందు రెండు పఫ్‌లు తీసుకుని పాప కూడా అందరితోపాటు ఖోఖో ఆడుతోంది.

ఆ కాగితమే మా వంటింటి గోడ మీద కూడా ఉంది. ఆయాసం మొదలైతే కూర్చోబెట్టాలి, పడుకోబెట్టకూడదు. నీలం ఇన్‌హేలర్ స్పేసర్‌తో నాలుగు పఫ్‌లు, ఒకటి తరవాత ఒకటి, ఒక్కోదానికి ఆరు ఊపిరులు. ఇరవై నిమిషాల్లో తేలిక పడకపోతే మళ్ళీ నాలుగు. గంటలో మూడుసార్లు ఇచ్చినా తగ్గకపోతే, లేదా తగ్గినట్టే తగ్గి నాలుగు గంటల లోపే మళ్ళీ మొదలైతే ఆసుపత్రికి. డొక్కలు లోపలికి పోతున్నా, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా, పిల్ల మత్తుగా వాలిపోతున్నా లెక్కలు చూడకుండా 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా ఆగకుండా పఫ్‌లు ఇస్తూ ఉండాలి. చివరి వాక్యం కింద నేను గీత గీశాను. ముదిరిన ఆయాసంలో పిల్లికూతలు ఆగిపోవడం మంచికి కాదు, కూత పెట్టడానికి చాలినంత గాలి కూడా లోపల ఆడడం లేదని అర్థం. ఆ మొదటి రాత్రి పాప దగ్గు ఆగినప్పుడు 'తగ్గింది' అని నేను ఒక నిమిషం కళ్ళు మూసుకున్నాను.

చేప మందు గురించి అడగని బంధువు లేడు. 2023 జూన్‌లో, కోవిడ్ వల్ల మూడేళ్ళు ఆగిన పంపిణీ మళ్ళీ మొదలైన ఏడాది, మా అమ్మ మాట కాదనలేక మృగశిర కార్తె నాడు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు వెళ్ళాము. బత్తిని కుటుంబం వాళ్ళు బతికిన కొర్రమీను పిల్ల నోట్లో పసుపు పచ్చటి ముద్ద పెట్టి మింగిస్తారు. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందని వైద్యశాస్త్రం ఒప్పుకోలేదు. వెళ్ళేముందు డాక్టరును అడిగితే ఆయన కోప్పడలేదు, "మీ అమ్మగారి మనసు కష్టపెట్టకండి, కాని ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని వెళ్ళండి, రెండో మందును ఒక్క పూట కూడా ఆపకండి" అన్నారు. తీరా వంతు వచ్చేసరికి పాప చేపపిల్ల కళ్ళలోకి చూసి నోరు గట్టిగా మూసేసింది. ఎంత బతిమాలినా తెరవలేదు. మా అమ్మ నా వైపు చూసి, "పోనీ తియ్ కొడుకా, గది సుత పాణమే గదా" అన్నది. తిరుగు ప్రయాణంలో బస్సులో ఆమే పాప చేత రాత్రి పఫ్ పీల్పించింది.

మధ్యలో ఒకసారి ఉబ్బసానికే డాక్టరు రాసిన మాంటెలుకాస్ట్ అనే గోళీ కూడా వాడాము. ఇన్‌హేలర్ లేకుండా గోళీతో పని జరుగుతుందని మాకు చాలా సంబరంగా ఉండేది. రెండు వారాలకు పాప రాత్రిళ్ళు కేకలు వేస్తూ లేవడం, పగలు చిరాకు పడడం మొదలైంది. అది పుస్తకంలో ఉంది గనుక డాక్టరుకు తేదీలతో చూపించగలిగాను. ఈ మందుకు నిద్ర, మనసు మీద ప్రభావాలు ఉండవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2020 మార్చిలో మందు వివరాల పత్రంలో గడి కట్టి పెద్ద హెచ్చరిక పెట్టించిందని చెప్పి, ఆపేశారు. వారంలో పాప మామూలుగా నిద్రపోయింది. చాలామంది పిల్లలకు ఏ ఇబ్బందీ రాకపోవచ్చు, కాని ఇంట్లో వాళ్ళు గమనించకపోతే ఆ చిరాకును పిల్ల మొండితనం కింద రాసేస్తాము.

ఏటా వానలు ముగిసే ముందు ఫ్లూ టీకా వేయిస్తున్నాము. మూడు నెలలకోసారి నల్గొండ వెళ్తున్నాము. నిరుడు వేసవి తరవాత రెండో మందు పొద్దున పఫ్ తీసేసి రాత్రి ఒక్కటే ఉంచారు. నవంబరులో వడ్లు దిగే ముందు మళ్ళీ రెండు చేశారు. జనవరిలో మళ్ళీ ఒకటి. ఈ ఏడాది పుస్తకంలో దగ్గిన రాత్రులు పదకొండు, ఆసుపత్రి గడిలో ఏమీ లేదు.

నిన్న యాసంగి వడ్లు మొదటి లారీ దిగింది. రాత్రి పదింటికి ఇంటికి వచ్చి గేటు తీయగానే పాప కిటికీలోంచి, "డాడీ, అటు నుంచి పో, బకెట్ పెట్టిన" అని అరిచింది. స్నానం చేసి లోపలికి వచ్చేసరికి స్పేసర్ పట్టుకుని తనే ఒక్కో ఊపిరికీ ఒక్కో వేలు ముడుస్తోంది. అయిదు వేళ్ళు ముడిచి, ఆరో ఊపిరికి రెండో చేతి బొటనవేలు ముడిచింది. నేను పుస్తకం తెరిచి తేదీ వేసి రాశాను: రాత్రి 1 పఫ్, దగ్గు లేదు, డబ్బాలో మిగిలినవి 146.